ఒకే మోతాదు నుండి తగిన మోతాదుకు: మెర్కాప్టోప్యూరిన్ చరిత్ర - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

మందు ఒక్కటే, మోతాదు ఒక్కటే. ఒక బిడ్డకు అది ప్రాణం పోస్తుంది, మరొక బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. ఈ వైరుధ్యానికి రోగి జన్యువులలోనే కారణం ఉండవచ్చునన్న అవగాహన క్యాన్సర్ వైద్యంలో స్థిరపడిన తీరును మెర్కాప్టోప్యూరిన్ చరిత్ర స్పష్టంగా చూపుతుంది. పిల్లలకు వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్సలో 1950ల నుండి నేటి వరకు ఈ మందు వాడుకలో ఉంది. దాని చరిత్రను పరిశీలించడం, ‘వ్యక్తికి తగిన మోతాదు’ అన్న భావన ఏ ప్రజల ఆధారంగా రూపొందిందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మందు ఆవిర్భావం

ఈ చరిత్రకు తెలుగు నేలతో సంబంధం ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నేతృత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు అక్కడి నుండే వచ్చాయి. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

బరోస్ వెల్‌కమ్ సంస్థలో జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ మరో దారిలో సాగారు. కణం తన డీఎన్ఏ నిర్మాణానికి వాడుకునే ప్యూరిన్ల స్థానంలో నకిలీ ప్యూరిన్‌ను అందిస్తే కణ విభజన ఆగుతుందన్నది వారి ఆలోచన. మెర్కాప్టోప్యూరిన్ దాని ఫలితమే. 1953లో దానికి అమెరికాలో అనుమతి లభించింది. వీరిద్దరికీ 1988లో నోబెల్ పురస్కారం దక్కింది. కాలక్రమంలో సుబ్బారావు బృందం మెథోట్రెక్సేట్, ఎలియన్ మెర్కాప్టోప్యూరిన్ కలిసి ఈ వ్యాధి చికిత్సలో దీర్ఘకాలిక దశకు పునాది అయ్యాయి.

3. భేదానికి కారణాన్వేషణ

ప్రతి మనిషి శరీర రసాయన క్రియలలో తనదైన ప్రత్యేకత ఉంటుందని ఆర్చిబాల్డ్ గారడ్ 1902లోనే సూచించారు. ఔషధ స్పందనకూ వంశపారంపర్యానికీ గల సంబంధాన్ని ఆర్నో మొటుల్‌స్కీ 1957లో చర్చించగా, ఫ్రెడ్రిక్ ఫోగెల్ 1959లో దానికి ‘ఫార్మకోజెనెటిక్స్’ అని పేరు పెట్టారు.

ఈ భావన మెర్కాప్టోప్యూరిన్‌కు అన్వయమైనది 1980లో. మెర్కాప్టోప్యూరిన్ కణంలో థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్లుగా మారి పనిచేస్తుంది. టీపీఎమ్‌టీ అనే ఎంజైమ్ ఆ మందులో కొంత భాగాన్ని నిర్వీర్యం చేస్తుంది. మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బోమ్, సూసన్ స్లాడెక్ 298 మంది రక్తంలో ఈ ఎంజైమ్‌ను కొలిచారు. 88.6 శాతం మందిలో అది అధికంగా, 11.1 శాతం మందిలో మధ్యస్థంగా ఉంది. ఒక్కరిలో మాత్రం అసలు కనబడలేదు. అటువంటివారికి పూర్తి మోతాదు ఇస్తే క్రియాశీల పదార్థం ఎముక మజ్జలో పేరుకొని, తెల్లకణాలు పడిపోయి, సాధారణ ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణాంతకమవుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో లిన్ లెన్నార్డ్ దీనికి రెండవ పార్శ్వాన్ని చూపారు: ఎంజైమ్ మరీ చురుకుగా ఉన్న పిల్లలలో క్రియాశీల పదార్థం తక్కువగా ఏర్పడి, వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అంటే సమాన మోతాదు సమాన చికిత్స కాదు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో విలియం ఎవాన్స్ బృందం, ఎంజైమ్ లేని పిల్లలకు మోతాదును దాదాపు పదోవంతుకు తగ్గించి చికిత్సను కొనసాగించవచ్చునని నిరూపించింది.

4. పరీక్షకు అందని జన్యువు

టీపీఎమ్‌టీ పరీక్షతో సమస్య తీరినట్టే అనిపించింది. అయితే తూర్పు ఆసియాలో ఒక చిక్కు మిగిలింది. అక్కడ టీపీఎమ్‌టీ లోపాలు ఐరోపా ప్రజలలో కంటే అరుదు. అయినా తెల్లకణాలు పడిపోయే రోగులు ఎక్కువ. పరీక్ష ‘సాధారణం’ అని చెప్పినవారికే ఆపద కలిగింది. 2014లో కొరియా పరిశోధకులు క్రోన్స్ వ్యాధిగ్రస్తులను అధ్యయనం చేసి ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువులోని మార్పును గుర్తించారు. క్రియాశీల పదార్థం డీఎన్ఏలో చేరకుండా అడ్డుకునే ఎంజైమ్‌కు ఈ జన్యువే మూలం. మరుసటి ఏడాది సెయింట్ జూడ్ పరిశోధకులు లుకేమియా పిల్లలలోనూ దీన్ని ధ్రువీకరించారు. ఆ మార్పు తల్లిదండ్రులిద్దరి నుండి సంక్రమించిన పిల్లలు నిర్దేశిత మోతాదులో సుమారు 8 శాతమే తట్టుకోగలిగారు.

ఈ మార్పు ఐరోపా ప్రజలలో చాలా అరుదు. తూర్పు ఆసియాలోనూ, భారతదేశంతో సహా దక్షిణాసియాలోనూ చెప్పుకోదగినంతగా ఉంది. తొలి మూడు దశాబ్దాలలో అది దృష్టికి రాకపోవడానికి ప్రధాన కారణం సాంకేతిక లోపం కాదు. పరిశోధన ప్రధానంగా ఐరోపా మూలాలున్న ప్రజల చుట్టూ సాగింది. వారిలో అరుదైన భేదం సహజంగానే మరుగున పడింది. ప్రస్తుత మోతాదు మార్గదర్శకాలు రెండు జన్యువులనూ పరిగణిస్తున్నాయి.

5. ముగింపు

మెర్కాప్టోప్యూరిన్ అణువు డెబ్బై ఏళ్లుగా మారలేదు. మారింది రోగిని చూసే దృష్టి. 1953లో రోగికి వ్యాధి పేరే గుర్తింపు; నేడు జన్యువు కూడా. ‘సాధారణం’ అన్న మాట పరీక్షించిన ప్రజలను బట్టి అర్థం మార్చుకుంటుందని ఈ చరిత్ర హెచ్చరిస్తుంది. చికిత్సకు పునాది వేసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. చికిత్సకు ఆధారమైన జన్యు సమాచారంలో మాత్రం అతని ప్రాంత ప్రజలకు చోటు ఆలస్యంగా దక్కింది. మోతాదు వ్యక్తికి తగినది కావాలంటే ముందుగా ఆ వ్యక్తి సమాజం పరిశోధన పరిధిలోకి రావాలి.