హార్వర్డు, యేలు కళాశాలలలో హీబ్రూ విద్య

క్రీ. శ. 1636 వ సంవత్సరమున అమెరికాఖండమునందలి మసచూసెట్సు వలసవారు, తరువాత హార్వర్డను పేరఁ బ్రసిద్ధికెక్కిన కళాశాలను నెలకొల్పిరి. వారు బోస్టను పట్టణమును గట్టుకొని యప్పటి కాఱేండ్లు మాత్రమే యైనది. అడవులు నఱకుట యింకను ముగియలేదు. అట్టి స్థితిలో విద్యాలయమునకై త్వరపడుటకుఁ గారణము భయము. తమతో సముద్రము దాఁటివచ్చిన మతబోధకులు గతించినపిదప సంఘములకు విద్యాగంధము లేని బోధకులే దక్కుదురేమో యని వారు శంకించిరి. హీబ్రూ విద్య యచట నీ శంకనుండియే జనించినది. ప్యూరిటనులను పేరుగల ఆ క్రైస్తవులకు వేదగ్రంథమే పరమప్రమాణము. అందుఁ బాతనిబంధన మించుమించుగా నంతయు హీబ్రూభాషలో నున్నది. కావున మూల మెఱుఁగని బోధకుఁడు వారి దృష్టిలో సగము బోధకుఁడే.

కళాశాల ప్రథమాధ్యక్షుఁడగు హెన్రీ డన్‌స్టరు (1640–1654) స్వయముగా హీబ్రూ బోధించెను. పట్టము గోరువాఁడు రెండు నిబంధనలను మూలభాషలనుండి లాటినులోనికి మార్చి చెప్పఁగలవాఁడై యుండవలెనని నాఁటి కళాశాలాశాసనము. ఆ సీమలో నచ్చై మనకు దొరకుచున్న పుస్తకములలో మొదటిదగు 1640 నాఁటి కీర్తనల గ్రంథమునందే హీబ్రూ లిపిలోఁ గొన్ని మాటలు గానవచ్చుచున్నవి.

ఈ భాష నేర్చుటయందలి కష్ట మేమో కొంచెము చెప్పవలసియున్నది. లిపి కుడినుండి యెడమకు సాగును. అక్షరము లిరువదిరెండు, అన్నియు హల్లులే. అచ్చులను దెలుపు చుక్కలును గీఁతలును చాలకాలము తరువాతి పండితులు చేర్చినవి. యూదుల ప్రార్థనామందిరమునఁ జదువు తోరా చుట్టలో నేఁటికిని ఆ గుర్తులుండవు. గుణింతములు తొలఁగించిన తెలుఁగు పుటను ముందుంచి చదువుమన్న నెట్లుండునో యట్లుండును. గురుముఖమున విని నేర్చినవాఁడే దానిని స్వరము దప్పక చదువఁగలఁడు. వేదాధ్యయనపద్ధతి నెఱిఁగిన మనవారి కీ మాట విప్పిచెప్పఁ బనిలేదు. 1506 లో హీబ్రూభాషకు లాటినున వ్యాకరణమును బ్రకటించి క్రైస్తవపండితులకు దారిచూపిన జర్మనుదేశపు రాయిహ్లిను సయితము యూదపండితుల యొద్దనే చదువుకొనెను. హార్వర్డువారికిఁ బుస్తకములు గలవు. ఆ సంప్రదాయమునఁ బుట్టిపెరిగిన గురువు లేఁడు.

అట్టి గురువు 1720 ప్రాంతమున దొరకెను. జూడా మోనిసు 1683 లోఁ బుట్టిన యూదుఁడు. లివోర్నో, ఆమ్‌స్టర్‌డాము నగరముల యూదవిద్యాలయములలోఁ జదివెనని ప్రసిద్ధి. న్యూయార్కున వర్తకుఁడుగా నుండి, తాను రచించిన హీబ్రూ వ్యాకరణపు వ్రాఁతప్రతిని హార్వర్డువారికి సమర్పించెను. వారు మెచ్చి పట్టమిచ్చిరి గాని యుద్యోగ మీయలేదు. 1722 మార్చి 27 వ తేదిని కళాశాలామందిరమున నతఁడు బాప్తిస్మము పొందెను. ఏప్రిలు 30 వ తేదిని హీబ్రూ ఉపదేశకుఁడుగా నియమింపఁబడెను. నడుమ నైదు వారములైన లేవు.

ఈ రెండు తేదులను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికిఁ గలుగు సందేహమే నాఁటివారికిని గలిగినది. అతని మతాంతరము నమ్మికచేతనా, జీవికకొఱకా? ఆ యేఁడే యతఁడు క్రొత్తమతమును సమర్థించుచు మూఁడు వ్యాసములు ప్రకటించెను. వృద్ధబోధకుఁడగు ఇంక్రీసు మేథరు వానికిఁ బీఠిక వ్రాసెను. అయినను మోనిసు శనివారమునే విశ్రాంతిదినముగాఁ బాటించుచుండెనని చెప్పుకొనిరి. పరుల యంతరంగమును దూఁకమువేయుట చరిత్రకారుని పని గాదు. ఐనను నాకుఁ దోఁచునది చెప్పెదను. ఇచటఁ బరీక్షింపఁదగినది మోనిసు మనస్సుకంటెఁ గళాశాలవారి నియమము. వారికతని విద్య కావలెను. ఆ విద్యను వేలయేండ్లు కాపాడిన మతము వలదు. చెట్టును నఱికి పండ్లు గోరినట్లున్నది.

మొదటి తరగతివారు దక్క తక్కిన విద్యార్థులందఱు వారమునకు నాలుగుదినము లతని పాఠమునకుఁ బోవలసియుండెను. అచ్చుపుస్తకము లేమింజేసి ప్రతివాఁడును ఆతని వ్యాకరణమును జేతితో నెత్తివ్రాసికొనుచుండెను. ఈ వ్రాఁతకే యొక మాసము పట్టెడిదఁట! తుదకు లండనునందలి థామసు హోలిసను దాత హీబ్రూ అక్షరముల నచ్చుదిమ్మలు పంపఁగా, 1735 లో బోస్టనునందు వేయి ప్రతులు ముద్రితములైనవి. విద్యార్థులు దానిని విధిగాఁ గొనవలసివచ్చెను. గ్రంథనామము ‘దిక్‌దూక్ లెషోన్ గ్నెబ్రీత్’. ‘దిక్‌దూక్’ అనఁగా వ్యాకరణము. సూక్ష్మమును బట్టిచూచుట యని ధాత్వర్థము. మన ‘వ్యాకరణ’ శబ్దము విడఁదీయుటను జెప్పఁగా, వారిది సన్ననిదానిని గనిపెట్టుటను జెప్పుచున్నది. ‘గ్నెబ్రీత్’ అనునది మఱింత చోద్యము. ‘ఇవ్రీత్’ అని నేఁడు పలుకు ఆ భాషానామము మొదట ‘అయిన్’ అను కంఠ్యాక్షర మున్నది. ఇటలీ, పోర్చుగీసు సంప్రదాయములవారు దానిని మన ఙకారమువలె ననునాసికముగాఁ బలికెడువారు. ఆ ధ్వనిని జూపుటకే మోనిసు ఇంగ్లీషు లిపిలో గకారనకారములను జోడించెను. మతము మాఱినను అతని నాలుక మాఱలేదనుట కీ జంటయక్షరమే సాక్ష్యము.

పాఠములు మాత్రము విద్యార్థులకు రుచింపలేదు. ముప్పదియెనిమిదేండ్లు చెప్పి, భార్య మరణింపఁగా 1760 లో మోనిసు ఉద్యోగము విడిచి, నార్త్‌బరో గ్రామమున బోధకుఁడగు బంధువు నింటఁ దలదాఁచుకొని 1764 లోఁ గాలధర్మము నందెను. బీదలగు బోధకుల వితంతువులకుఁ గొంత ధనము విడిచిపోయెను. ఆ సంవత్సరమే థామసు హాంకాకను వర్తకుని మరణశాసనధనముతో హీబ్రూ ఆచార్యపీఠ మేర్పడఁగా, మోనిసు శిష్యుఁడగు స్టీఫెను స్యూయలు దాని నలంకరించెను.

ఇఁక యేలు కళాశాల. దీని పేరు మనకుఁ బరిచితమే. చెన్నపట్టణపుఁ గోటను 1687 మొదలు 1692 వఱకుఁ బాలించిన ఎలైహు యేలు 1718 లో నొసఁగిన కానుకలవలన వచ్చినది. కళాశాలాముద్రిక మీఁద హీబ్రూ మాటలే చెక్కఁబడియున్నవి. అచటఁ జదివిన ఎజ్రా స్టైల్సు 1755 లో న్యూపోర్టునందు బోధకుఁడయ్యెను. ఆ రేవుపట్టణమున యూదవర్తకులు కొందఱు కాపురముండిరి. 1763 లో వారి ప్రార్థనామందిరప్రతిష్ఠ జరిగినపు డీతఁడు పోయి చూచెను. నలువదియేండ్ల వయస్సున, 1767 లో, హీబ్రూ మొదలుపెట్టి, ఆ మందిరమున ప్రార్థనలు నడపు ఐజాకు టూరో సాహాయ్యముతో నక్షరాభ్యాసము చేసెను. మోనిసు కథకును దీనికిని భేదము గమనింపుఁడు. అచట గురువు శిష్యుల మతమునకు రావలసివచ్చెను. ఇచట శిష్యుఁడు గురువు గుమ్మమునకుఁ బోయెను.

1773 లో హెబ్రోనునఁ బుట్టి బహుదేశములు తిరిగిన హాయిము ఐజాకు కరిగాలను రబ్బీ న్యూపోర్టునకు వచ్చి కొన్ని మాసము లుండెను. స్టైల్సు పలుమాఱు లాతనిఁ గలిసికొని, మెస్సీయానుగూర్చియు, ‘జోహారు’ మొదలగు రహస్యగ్రంథములనుగూర్చియు సంభాషించి, దినచర్యలో వ్రాసికొనెను. మే 28 వ తేదిని షవువోత్ పండుగనాఁడు రబ్బీ స్పానిషుభాషలోఁ జేసిన ప్రసంగమును విన్నవారిలో నితఁ డొకఁడు. ఆ ప్రసంగ మింగ్లీషున ముద్రితమైనది. కరిగాలు వెడలిపోయినపిదపను వీరు హీబ్రూలో నుత్తరములు వ్రాసికొనిరి. 1777 లో బార్బడోసు ద్వీపమున రబ్బీ మరణించెను.

స్టైల్సును మితిమీఱి పొగడుట తగదు. యూదులు క్రీస్తును నమ్మవలెననియే యతని కోరికయు. కాని యతఁడు వారిని మాఱ్చుటకు ముందు వారి మాట వినెను; పుస్తకమునఁ గానరాని పఠనక్రమమును మందిరమునఁ గూర్చుండి చెవులార వినెను. దైవశాస్త్రము చదువువాని కీ శ్రవణ మెంత యవసరమో యతని దినచర్య చదివినవారికిఁ దెలియును.

1778 లో యేలు కళాశాల కధ్యక్షుఁడైన యితఁడు మొదటి తరగతివారందఱికి హీబ్రూను విధించి, తానే పాఠము చెప్పెను. 1781 నాఁటి పట్టప్రదానసభలో హీబ్రూలో నుపన్యసించెను. కరిగాలు చిత్తరువును శామ్యూలు కింగను చిత్రకారునిచే వ్రాయించి కళాశాలకుఁ జేర్పించెను. ఇంత యభిమానముగల గురువునకును బలవంతపుఁ జదువు ఫలింపలేదు. పలువురు విద్యార్థులు విసిగిరి. 1790 లో నతఁడు పట్టువిడిచి, స్వయముగాఁ గోరివచ్చినవారికే చెప్పెదనని ప్రకటించెను. ఆ తరగతిలోని ముప్పదితొమ్మండ్రలో నిరువదియిద్దఱు వచ్చిరి. సోమ, బుధ, శుక్రవారములందు సాయంకాలము నాలుగు గంటలకు వారికిఁ బాఠము జరుగుచుండెను.