వీడియో ఆటగాళ్ళు - సామాజిక మూసభావనలు

వీడియో ఆటలు ఆడేవారు నలుగురితో కలవని ఒంటరి వ్యక్తులనీ, స్నేహితులు లేనివారనీ, చదువుకూ పనికీ దూరమై చీకటి గదిలో తెర ముందు కాలం వెళ్ళబుచ్చుతారనీ సమాజంలో బలంగా పాతుకుపోయిన అభిప్రాయాన్ని వీడియో ఆటగాళ్ళపై గల మూసభావన అంటారు. మూసలో పోసిన లోహం ఏదైనా ఒకే రూపు దాల్చినట్లు, ఆడేవారి వయసు, వృత్తి, స్వభావం ఏవైనా అందరినీ ఒకే రూపంలో ఊహించడం దీని లక్షణం. ఈ భావనలో నిజమెంత అనే విషయంపై 2008 నుండి పెద్ద ఎత్తున పరిశోధనలు వెలువడ్డాయి. అధికసంఖ్యాకుల విషయంలో ఇది నిలవదనీ, కొద్దిమంది విషయంలో మాత్రం చికిత్స అవసరమైన సమస్య ఉన్నదనీ అవి తెలుపుతున్నాయి. తెలుగునాట, ముఖ్యంగా ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతం వంటి చోట్ల, ఈ భావన ఆ ప్రాంతపు జీవనం నుండి పుట్టినది కాదు. పట్టణాల నుండి, పత్రికల నుండి వచ్చి చేరినది.

భావన పుట్టుక

విశేషమేమంటే, జనాదరణ పొందిన తొలి వీడియో ఆటను ఒంటరిగా ఆడడం సాధ్యమే కాదు. 1972లో అమెరికాలో విడుదలైన పాంగ్ అనే ఆట ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఆడవలసినది. మద్యశాలల్లో, బజారు కూడళ్ళలో నాణెం వేసి ఆడే ఈ యంత్రాల చుట్టూ గుంపులు చేరేవి. 1978లో జపాన్ నుండి వచ్చిన స్పేస్ ఇన్‌వేడర్స్‌తో ఈ గుంపులు మరింత పెరిగాయి. అప్పట్లో పెద్దల ఫిర్యాదు పిల్లలు ఒంటరివారవుతున్నారని కాదు, బజారున పడుతున్నారని. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ 1981లో తన దేశంలో వీడియో ఆటల యంత్రాలను ఏకంగా నిషేధించాడు.

ఆట కూడలి నుండి ఇంటి టెలివిజన్‌కూ, ఆ పైన కంప్యూటరుకూ మారిన తరువాత ఫిర్యాదు తలకిందులైంది. బజారున తిరుగుతున్నాడన్న కుర్రవాడే గది దాటడం లేదన్న మాట మొదలైంది. జపాన్‌లో ఇల్లు కదలని యువకుల స్థితిని వివరిస్తూ మనోవైద్యుడు సైతో తమాకి 1998లో ప్రచురించిన గ్రంథం ద్వారా హికికొమొరి అనే పదం ప్రాచుర్యం పొందింది. ఆ పుస్తకం వీడియో ఆటల గురించినది కాకపోయినా, లోకం ఆ రెండింటినీ కలిపి చూసింది. అమెరికన్ టెలివిజన్‌లో 2006లో వచ్చిన సౌత్ పార్క్ కార్టూను ధారావాహికలోని ఒక భాగం, స్థూలకాయంతో కుర్చీకి అతుక్కుపోయిన ఆటగాడి బొమ్మను ప్రపంచమంతటా స్థిరపరచింది.

తెలుగు సంప్రదాయంలో ఆట, జూదం, సావాసం

తెలుగులో జూదం అనే మాటకు పందెం తప్పనిసరి కాదు. పైసా పందెం లేకుండా పల్లె అరుగులపై, గుడి మంటపాల రాళ్ళపై గీతలు గీసి ఆడే పులి - మేక ఆటకు కూడా పులిజూదమనే పేరు. ఆటకూ జూదానికీ మధ్య గీత మన భాషలోనే పలుచన అని దీనివల్ల తెలుస్తుంది. ఈ పలుచదనమే నేడు ఫోనులో రమ్మీ ఆడి డబ్బు పోగొట్టుకున్నవానినీ, మిత్రులతో కలిసి కాల్పుల ఆట ఆడే విద్యార్థినీ ఒకే గాటన కట్టడానికి కొంత కారణం.

అయితే తెలుగు సంప్రదాయం ఆటగాడిని నిందించిన తీరు వేరు. మహాభారతంలో ధర్మరాజు నిండు సభలో జూదమాడి ఓడాడు. 12వ శతాబ్దపు పలనాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం జనసమూహం నడుమ జరిగింది. 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ కన్యాశుల్కంలోని పేకాట రంగం కూడా నలుగురు చేరిన చోటే నడుస్తుంది. వీరెవ్వరికీ స్నేహితులు లేరన్న నింద లేదు. సావాసం ఎక్కువై చెడ్డారన్నదే నింద. సంక్రాంతికి ఖమ్మం సరిహద్దు దాటి ఆంధ్ర వైపు కోడిపందేలకు వెళ్ళే వారిని ఊరు ఎన్ని మాటలన్నా, ఒంటరివారని మాత్రం అనదు.

వీడియో ఆటలతో ఈ రెండు నిందలూ ఒకే ఇంట కలిశాయి. ఎవరితోనూ కలవడు అని తల్లి, చెడు స్నేహాలు పట్టాడు అని తండ్రి ఒకే పిల్లవానిని గురించి చెప్పడం సాధారణం. రెండూ ఒక్కసారి నిజం కాజాలవు కదా.

పరిశోధనలు చెప్పిన విషయాలు

2008లో విలియమ్స్, యీ, కాప్లాన్ అనే ముగ్గురు పరిశోధకులు ఎవర్‌క్వెస్ట్ 2 అనే అంతర్జాల ఆట ఆడే సుమారు 7,000 మందిని పరిశీలించారు. ఆడేవారు పిల్లలన్న ఊహకు భిన్నంగా వారి సగటు వయసు 31 సంవత్సరాలుగా తేలింది. స్త్రీల సంఖ్య తక్కువైనా, వారానికి సగటున పురుషుల కంటే వారే ఎక్కువ గంటలు ఆడుతున్నారు. శరీర బరువు విషయంలో వీరు సాధారణ అమెరికన్ల కంటే మెరుగుగా ఉన్నారు. కుంగుబాటు మాత్రం వీరిలో కొంత ఎక్కువగా కనబడింది. ఈ చివరి అంశాన్ని దాచి మిగిలినవి మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

జర్మనీలో కోవర్ట్, ఫెస్ట్‌ల్, క్వాంట్ 2014లో ప్రచురించిన అధ్యయనం మూసభావనను సూటిగా పరీక్షించినది. 14 ఏళ్ళు పైబడిన 50,000 మందిని టెలిఫోను ద్వారా ప్రశ్నించి, వారి నుండి ఎంచుకొన్న వారితో రెండవ దఫా మాట్లాడి, చివరకు 2,550 మంది సమాధానాలను విశ్లేషించారు. అంతర్జాలంలో ఆడేవారిని గురించిన సాధారణ చిత్రానికి పూర్తి ఆధారం దొరకలేదు. కాని ఆటలో మునక పెరిగే కొద్దీ, అంతర్జాలంలో ఆడినా ఆడకపోయినా, కొన్ని లక్షణాలకు ఆటతో సంబంధం కనిపించింది. ఈ సంబంధం ఏది కారణం, ఏది ఫలితం అన్నది చెప్పదు. ఒంటరివాడు ఆటను ఆశ్రయించాడా, ఆట వల్ల ఒంటరివాడయ్యాడా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఇంటిలో పెద్దలు సాధారణంగా రెండవదాన్నే అడుగుతారు.

అంకెలు చెప్పలేని సంగతిని నార్వేకు చెందిన మాట్స్ స్టీన్ జీవితం చెబుతుంది. కండరాల క్షీణత వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమైన ఈ యువకుడు 2014లో 25వ ఏట మరణించాడు. కొడుకు స్నేహమంటే ఎరుగకుండా పోయాడని తల్లిదండ్రులు దుఃఖించారు. అతని మరణవార్తను అంతర్జాలంలో ప్రకటించగా, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో ఇబెలిన్ అనే పేరుతో అతన్ని ఎరిగినవారి నుండి ఉత్తరాలు వెల్లువెత్తాయి. కొందరు ఇతర దేశాల నుండి వచ్చి అంత్యక్రియలలో పాల్గొన్నారు. అతనిపై తీసిన డాక్యుమెంటరీ చిత్రం 2024లో విడుదలైంది. ఆ తల్లిదండ్రులు కొడుకును ప్రేమించనివారు కారు. తెర వెనుక మనుషులుంటారన్న ఆలోచన వారికి రాలేదు, అంతే.

రుగ్మత అని ఎప్పుడంటారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2019 మేలో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ఆటల రుగ్మత చేరింది. ఈ కూర్పు 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడడమే రుగ్మత కాదు. ఆటపై అదుపు కోల్పోవడం, మిగిలిన పనులన్నిటి కంటే దానికే ప్రాధాన్యమివ్వడం, నష్టం కళ్ళెదుట కనబడుతున్నా మానలేకపోవడం అనే మూడు లక్షణాలు ఉండాలి. వీటివల్ల చదువు, కుటుంబం, ఉద్యోగం వంటివి గట్టిగా దెబ్బతినాలి. సాధారణంగా ఇది 12 నెలల పాటైనా కొనసాగి ఉండాలి. సెలవుల్లో పది రోజులు అదే పనిగా ఆడిన పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు.

2017లో ప్రిజిబిల్‌స్కీ, వైన్‌స్టీన్, మురయామా ప్రచురించిన అధ్యయనంలో, ఈ తరహా సమస్యకు సంబంధించిన ప్రమాణాలను అందుకొనే అవకాశమున్నవారు జనాభాలో 0.3 నుండి 1 శాతం వరకు మాత్రమేనని అంచనా వేశారు. శాతం చిన్నదే కావచ్చు, ఆ ఇంటికి మాత్రం అది చిన్నది కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2014లో ఇటువంటి వారికోసం ప్రత్యేక చికిత్సాలయాన్ని ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 నంబరుపై తెలుగులోనూ పొందవచ్చు.

2019 ఏప్రిల్‌లో హైదరాబాదులో, పబ్జీ ఆడుతున్నాడని ఇంట్లో మందలించగా ఒక పదో తరగతి విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. అది పరీక్షల కాలం. వార్తల శీర్షికలలో ఆట పేరే నిలిచింది. ఆ వయసు పిల్లలపై పరీక్షల ఒత్తిడి, మందలింపును అవమానంగా తీసుకొనే మనఃస్థితి పెద్దగా చర్చకు రాలేదు. పిల్లవాడు ఇప్పటికే వెలివేయబడ్డవాడన్న మూసభావన ఇంట్లో నాటుకుపోతే, మాట్లాడవలసిన చోట మందలింపు మాత్రమే మిగులుతుంది.

ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతంలో

పూర్వపు ఖమ్మం జిల్లా నుండి 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. గోదావరికి ఆవల భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మండలాలు ఉండగా, వీటిలో దుమ్ముగూడెం, చర్ల ఛత్తీస్‌గఢ్ అడవులను ఆనుకొని ఉన్నాయి. కోయలు ఇక్కడి ప్రధాన గిరిజన తెగ. భూమి పండుగ, కొలుపులు, రేలా ఆటపాటలు, వారపు సంతలు వీరి సామూహిక జీవితానికి ఆధారాలు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణకు పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ అడవికి వెళ్తారు. తలుపు మూసుకొని కూర్చొనే ప్రత్యేక గది ఇక్కడి ఇళ్ళలో అరుదు. చీకటి గదిలోని ఒంటరి ఆటగాడి చిత్రానికి గది ముందుగా ఉండాలి కదా.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా చౌక కావడంతో స్మార్ట్‌ఫోను పల్లెలకు చేరింది. అటవీ గ్రామాలలో సిగ్నల్ చాలా కాలం సమస్యగానే ఉన్నది. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలోని 2,343 టవర్లను 2జీ నుండి 4జీకి మార్చే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో ఉన్నాయి. సిగ్నల్ అన్నిచోట్లా అందనప్పుడు, అది అందే గట్టు మీదో రోడ్డు పక్కనో ఫోనులున్నవారూ లేనివారూ కలిసి చేరడం సహజం. ఒకరు ఆడగా ముగ్గురు చూడడం, వంతులవారీగా చేతులు మారడం చిర్రగోనె ఆటలో కర్ర చేతులు మారడం వంటిదే. తక్కువ ధర ఫోనులలో కూడా నడిచే ఫ్రీ ఫైర్, నలుగురు జట్టుగా ఆడే పబ్జీ ఇటువంటి గుంపులకు సరిగ్గా అమరాయి.

కోవిడ్ కాలం ఈ విషయంలో ఒక మలుపు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠశాలల డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. చదువు కోసమంటూ ఫోను అంతవరకు లేని ఇళ్ళలో పిల్లల చేతికి వచ్చింది. మరునాడే, అనగా సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. ఒకే వారంలో ఫోను పుస్తకమూ అయింది, దోషీ అయింది. అదే లాక్‌డౌన్ కాలంలో లూడో కింగ్ విపరీతంగా ఆదరణ పొందింది. మన పచ్చీసు నుండి ఇంగ్లండులో రూపొందిన లూడోకు ఇది ఫోను అవతారం. గృహిణులూ వృద్ధులూ గంటల తరబడి ఆడినా వారిని ఎవరూ వీడియో ఆటగాళ్ళనలేదు. మూసలో వారికి చోటు లేదు.

నిషేధాలు, చట్టాలు

2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్న విద్యార్థులను అరెస్టు చేశారు. 2020 నాటి కేంద్ర నిషేధం మాత్రం వ్యసనం కారణంగా విధించినది కాదు. దేశ సార్వభౌమత్వం, సమాచార భద్రత దానికి చూపిన కారణాలు. పిల్లలు చెడుతున్నారనే నిషేధించారని చాలామంది భావించారు. ఆ ఆట భారతీయ కూర్పుగా 2021 జూలైలో తిరిగి వచ్చి, 2022 జూలైలో తొలగింపబడి, 2023 మేలో 18 ఏళ్ళ లోపువారికి రోజుకు మూడు గంటల పరిమితితో మళ్ళీ అందుబాటులోకి వచ్చింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైంది.

డబ్బు ఒడ్డి ఆడే ఆటల విషయం వేరు. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆటలన్న మినహాయింపును తొలగించడం ద్వారా ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆ పని చేసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినందున, భద్రాచలం పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఆ రాష్ట్రం కిందికి వచ్చింది. ఫలితంగా మూడేళ్ళపాటు ఒకే ఫోనులోని ఒకే పేకాట భద్రాచలంలో నేరం, నడిచి వెళ్ళగలిగే దూరంలోని ఎటపాకలో అనుమతమైన కాలక్షేపం.

ఇక ఆటను క్రీడగా గుర్తించే ప్రయత్నం కూడా సాగింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన అంశంగా ఉన్న ఈ-స్పోర్ట్స్‌లో భారతీయుడు తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీలలో భాగంగా గుర్తించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బు ఒడ్డే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే సామాజిక ఆటలను వాటి నుండి వేరుచేసి ప్రోత్సహించదగినవిగా పేర్కొన్నది. పులిజూదానికీ పేకజూదానికీ ఒకే మాట వాడే భాషలో లేని గీత ఈ విధంగా చట్టంలోకి వచ్చింది.