పేరులో ఛాతీ ముందా, గుండె ముందా?

ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన చరిత్ర ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. ఉప్పు, నూనె తగ్గించమని చెప్పే మిత్రులు ఇప్పటికే చాలామంది వున్నారు. నేను గుండె, ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్ల సంఘాల కథ చెప్పదలిచాను. మనలో బైపాస్ అయినవారూ, స్టెంటు వేయించుకున్నవారూ వున్నారు కనుక ఇది పరాయి కథేమీ కాదు.

మన దేశంలో యీ సర్జన్ల సంఘం పేరు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ కార్డియోవాస్క్యులర్ థొరాసిక్ సర్జన్స్. అంటే గుండె ముందు, ఛాతీ వెనుక. అదే సంఘం పత్రిక పేరు ఇండియన్ జర్నల్ ఆఫ్ థొరాసిక్ అండ్ కార్డియోవాస్క్యులర్ సర్జరీ. ఇక్కడ ఛాతీ ముందు, గుండె వెనుక. యీ తారుమారులోనే వారి చరిత్ర చాలావరకు వుందని నా అభిప్రాయం.

ఒకప్పుడు ఛాతీ తెరవడమంటేనే సర్జన్లకు భయం. పక్కటెముకల మధ్య కోత పెట్టగానే బయటి గాలి జొరబడి ఊపిరితిత్తి ముడుచుకుపోయేది. శ్వాసనాళంలోకి గొట్టం పెట్టి గాలి పంపే పద్ధతిని 1909లో చూపించినవారిలో శామ్యూల్ మెల్ట్జర్ ఒకరు. ఆయన కత్తి పట్టిన సర్జను కాదు, శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. అయినా 1917లో న్యూయార్కులో అమెరికన్ అసోసియేషన్ ఫర్ థొరాసిక్ సర్జరీ ఏర్పడినప్పుడు ఆయననే మొదటి అధ్యక్షుణ్ణి చేశారు. ఆ సంఘం పెద్దరికం నాకు అక్కడే కనిపించింది.

మనవైపు ఛాతీ జబ్బంటే క్షయే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. మన విశాఖ వారికి పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ఎలాగూ తెలుసు. మందు లేని ఆ కాలంలో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన తిండి, వీటితోపాటు 'గాలి ఎక్కించడం' వుండేది. పుండుపడిన ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి నింపి దాన్ని కదలకుండా అణిచి వుంచేవారు. ఆ గాలి కొన్నాళ్ళకు ఇంకిపోతుంది, మళ్ళీ ఎక్కించాలి. అదీ కుదరకపోతే పక్కటెముకలు కొన్ని తీసేసి ఛాతీనే లోపలికి కుంగేలా చేసేవారు. నా చిన్నతనంలో ఒక మాస్టారు ఒక భుజం కిందికి జారి, ఒరిగి నడిచేవారు. పిల్లలం వెనకనుంచి అనుకరించేవాళ్ళం. ఆయన ప్రాణం నిలుపుకున్న గుర్తు అదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర వుండి మందులు మింగినా శానటోరియంలో వున్నంత ఫలితమే వస్తుందని 1959లో రుజువు చేసింది. రోగులకు అది వరం. మరి ఆ ఆపరేషన్లకే జీవితం ధారపోసిన సర్జన్లకు? చేతిలోని పని పదిహేనేళ్ళలో జారిపోయింది.

వారు గుండె వైపు తిరిగారు. కీళ్ళవాతం వల్ల బిగుసుకుపోయిన కవాటాన్ని, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పోనిచ్చి విప్పే ఆపరేషను 1948 నుంచి అమెరికాలో నిలదొక్కుకుంది. 1953 మే 6న జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి ఆపరేషను చేశాడు. 1931లో జర్నల్ ఆఫ్ థొరాసిక్ సర్జరీగా పుట్టిన ఆ అమెరికా సంఘం పత్రిక 1959లో పేరులో 'కార్డియోవాస్క్యులర్' చేర్చుకుంది. ఇక్కడ రాయవేలూరులో రీవ్ బెట్స్ 1940ల చివర ఛాతీ శస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు. 1960ల మొదట్లో అక్కడే డాక్టర్ గోపీనాథ్ గుండె తెరిచి ఆపరేషన్లు చేశారు. 1975లో పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ బైపాస్ చేశారు. అందుకే మనవాళ్ళు ఎక్స్‌రేలు సంచీలో పెట్టుకుని మద్రాసు మెయిలెక్కేవారు. టిక్కెట్టుకు, సత్రానికి డబ్బులేక కవాటం బిగుసుకున్న ఆడపిల్లలు ఇంట్లోనే ఆయాసపడుతూ పోయిన ఊళ్ళు మన చుట్టూనే వున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదటి విడతలో శ్రీకాకుళం జిల్లా వుండడం నాకు అందుకే పెద్ద విషయంగా తోచింది.

1994 ఆగస్టు 3న ఢిల్లీలో దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారు.

ఇంతలో మళ్ళీ అదే సంకటం. 1977లో జ్యూరిచ్‌లో గ్రుంట్జిగ్ అనే వైద్యుడు, కోత లేకుండా, రక్తనాళంలోంచి బుడగ పంపి పూడిక విప్పాడు. తరువాత స్టెంటు వచ్చింది. 2002లో కవాటాన్ని కూడా తొడ దగ్గరి రక్తనాళం గుండా పంపి అమర్చారు. ఈసారి పని లాక్కున్నది మాత్ర కాదు, పక్క గదిలోని కార్డియాలజిస్టు. మొదట్లో ఇద్దరికీ పొసగలేదన్నది నిజం. అయితే షుగరు వుండి, ఒకటికి మించి నాళాలు పూడినవారికి బైపాసే మేలని 2012లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రోగి సంగతి నిర్ణయించాలనే పద్ధతి యిప్పుడు రెండు పక్షాల సంఘాలూ ఒప్పుకున్నవి. కనుక స్టెంటా, బైపాసా అని ఎవరైనా చెబితే, సర్జను గారు కూడా రిపోర్టు చూశారా అని అడగడం మన హక్కు. మందు పూసిన స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం 29,600 రూపాయల పరిమితి పెట్టిన సంగతి, ఆ ముందు బిల్లులు కట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఛాతీ మాత్రం పూర్తిగా వెనక్కి పోలేదు. మందులకు లొంగని క్షయ, ఊపిరితిత్తి కాన్సరు ఇంకా కత్తినే అడుగుతున్నాయి. సెయింట్ లూయీలో ఎవర్ట్స్ గ్రాహం 1933లో కాన్సరు పట్టిన ఊపిరితిత్తిని మొత్తంగా తీసి విజయం సాధించాడు. రోగి కూడా డాక్టరే. గ్రాహం సిగరెట్లు విపరీతంగా కాల్చేవాడు. కాన్సరుకు, సిగరెట్టుకు వున్న సంబంధాన్ని 1950లో ఆయనే తన శిష్యుడితో కలిసి ప్రకటించి, ఆ తరువాత మానేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఊపిరితిత్తి కాన్సరుతోనే పోయాడు. ఒంటి ఊపిరితిత్తి రోగి ఆయన తరువాత మరికొన్నేళ్ళు బతికాడు.