జలుబు వైరస్‌ను అడ్డుకునే జీన్లకు.. కీళ్లవాతం, టైప్-1 షుగర్‌తో లింకేంటి?

జలుబు చేస్తే చాలామందికి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరిని మాత్రం ఐసీయూ దాకా తీసుకెళ్తుంది. మరికొందరికి ఇంకో సమస్య. వాళ్ల ఇమ్యూనిటీ సొంత ఒంటిపైనే దాడి చేస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, సోరియాసిస్, టైప్-1 షుగర్ ఇలా వచ్చేవే. వీటినే ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. ఈ రెండు సమస్యల వెనుకా కొన్నిసార్లు ఒకే జీన్ ఉంటుంది. అదెలాగో చూద్దాం..

అలారం మోగించే జీన్

వైరస్ కణంలోకి చొరబడగానే గుర్తుపట్టి అలారం మోగించే ప్రొటీన్ ఒకటుంది. పేరు ఎండీఏ5. అలారం మోగగానే ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ పదార్థం విడుదలవుతుంది. ఎండీఏ5ను తయారుచేయించే జీన్ ఐఎఫ్‌ఐహెచ్1.

ఈ జీన్ పనిని తగ్గించే కొన్ని అరుదైన మార్పులు ఉన్నవారికి టైప్-1 షుగర్ ముప్పు తక్కువని 2009లో తేలింది. ఇది మంచిదే కదా అనిపిస్తుంది. కానీ 2017లో మరో నిజం బయటపడింది. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి, మామూలు జలుబు వైరస్‌లకే ఐసీయూ పాలైన కొందరు చిన్నారుల్లో ఇదే జీన్ సరిగా పనిచేయడం లేదు! అలాగని జీన్ అతిగా పనిచేసినా కష్టమే. అప్పుడు లూపస్ లాంటి జబ్బులు రావచ్చు.

టీవైకే2 కూడా అంతే

ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన సందేశాన్ని కణం లోపలికి చేరవేసే ప్రొటీన్లలో టీవైకే2 ఒకటి. దీని జీన్‌లో ఒక మార్పు ఉన్నవారికి ఆర్థరైటిస్, సోరియాసిస్, లూపస్ ముప్పు తగ్గుతుంది. అయితే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అదే మార్పు వస్తే టీబీ ముప్పు పెరుగుతుంది. 2021లో 19 దేశాలకు చెందిన 49 వేల మందికి పైగా కొవిడ్ బాధితుల జన్యు వివరాలను పరిశీలించారు. ఆటోఇమ్యూన్ జబ్బుల నుంచి కాపాడే రకం జీన్ ఉన్నవారికే కొవిడ్ తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని అందులో కనిపించింది.

మరి ఆర్థరైటిస్ మందు కొవిడ్‌కు ఎలా వాడారు?

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మొదటి రోజుల్లో వైరస్‌ను అడ్డుకోవడానికి ఇమ్యూనిటీ గట్టిగా ఉండాలి. జబ్బు ముదిరాక మాత్రం అదే ఇమ్యూనిటీ అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అప్పుడు బ్రేక్ వేయాలి. ఆర్థరైటిస్‌కు వాడే బారిసిటినిబ్ ఆ పని చేస్తుంది. సెకండ్ వేవ్ సమయంలో, 2021 మేలో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఈ మాత్రలకు అత్యవసర అనుమతి పొందింది. 2022 జనవరిలో తీవ్ర కొవిడ్ రోగులకు డబ్ల్యూహెచ్‌వో కూడా దీన్ని సిఫార్సు చేసింది.

ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారు ఏం చేయాలి?

* జలుబు, జ్వరం రాగానే భయపడి మందులు సొంతంగా ఆపేయొద్దు. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. స్టెరాయిడ్లయితే ఇంకా ప్రమాదం. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.
* ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడుతున్నవారు ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి. ఏ టీకా వేయించుకున్నా వాడే మందుల పేర్లు ముందే చెప్పాలి.
* ఆయాసం వస్తే, ఆక్సిజన్ తగ్గితే ఇంట్లో ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఒక్క జీన్ మార్పు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. వయసు, పొగతాగే అలవాటు, ఇతర జబ్బుల ప్రభావం కూడా ఉంటుంది. ఇమ్యూనిటీ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకోవడం మాత్రం పొరపాటే. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.