పదిహేడు ఎత్తుల సబక్



తెలుగువాళ్ల చదరంగం, ఉర్దూవాళ్ల షత్రంజ్ ఒకే మాట నుంచి పుట్టాయి. సంస్కృత చతురంగం ఇరాన్ వెళ్లి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. ఆటను నేర్పే తరీఖా కూడా ఆ దారిలోనే పెరిగింది. తొమ్మిది, పది శతాబ్దాల్లో అబ్బాసీ ఖలీఫాల దర్బారులో అల్ అద్లీ, అస్సూలీ లాంటి ఉస్తాదులు షత్రంజ్ మీద కితాబులు రాశారు. వాళ్ల కాలం నుంచీ మన్సూబాలు ప్రసిద్ధం. బోర్డు మీద కొన్ని పావులే పెట్టి, ఇక్కణ్నుంచి ఎలా గెలుస్తావో చూపించమని అడిగే చిక్కుముళ్లవి.

వాటిలో దిలారామ్ మన్సూబాకి ఒక కిస్సా ఉంది. పందేల్లో అన్నీ పోగొట్టుకున్న ఒక అమీరు చివరికి బీవీ దిలారామ్‌నే పందెం పెట్టాడు. బాజీ చేజారిపోతుంటే ఆమె అందట: "నీ రెండు రుఖ్‌లూ ఇచ్చెయ్, నన్ను మాత్రం ఇవ్వకు." రెండు ఏనుగులూ వదిలేశాడు, గెలిచాడు. పందెం హరామ్, దాన్ని కిస్సాలోనే వదిలేద్దాం. షత్రంజ్ మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉన్నా, జూదాన్నీ నమాజు ఖజా చేయడాన్నీ ఎవరూ జాయిజ్ అనలేదు. మనం తీసుకోవాల్సింది సబక్: పావుల లెక్క వేరు, గెలుపు లెక్క వేరు.

ఇదే సబక్ 1858లో పారిస్‌లో ఒక పూర్తి బాజీగా కనిపించింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన పాల్ మార్ఫీకి అప్పుడు 21 ఏళ్లు. వకాలత్ చదివిన కుర్రాడు. ప్రపంచ ఛాంపియన్ అనే అధికారిక పదవి అప్పటికింకా లేదు గానీ, ఆ ఏడాది యూరప్ ఉస్తాదుల్ని ఓడించి ఆ స్థాయి అందుకున్నాడు. ఒపేరా హౌస్‌లో బ్రున్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్ ఇద్దరూ మష్వరా చేసుకుంటూ అతనితో ఆడారు. 17 ఎత్తుల్లో షా మాత్.

పిల్లల ముందు ఈ బాజీ పెట్టి మూడుచోట్ల ఆగితే చాలు.

ఎనిమిదో ఎత్తు దగ్గర మార్ఫీ వజీరుకు ఒక ప్యాదా ఉచితంగా దొరుకుతోంది. తింటే అవతలివాళ్లు వజీర్లను మార్పించి ఊపిరి పీల్చుకుంటారు. అతను లాలచ్ పడలేదు, ఇంట్లో ఉన్న గుర్రాన్ని బయటికి తెచ్చాడు.

మరుసటి ఎత్తులో డ్యూక్ పక్షం ఒంటెను తరమడానికి ప్యాదాను ముందుకు తోసింది. వాళ్ల బాద్‌షా ఇంకా నడిమధ్యే ఉన్నాడు. మార్ఫీ అదే గుర్రాన్ని ఖుర్బానీ ఇచ్చి, బాద్‌షా మీదికి దారి తెరిచాడు.

పదహారో ఎత్తులో వజీరునే ఇచ్చేశాడు. పదిహేడో ఎత్తులో ఏనుగు షా మాత్ చెప్పింది, దాని వెనక ఒంటె కాపు. ప్యాదాలు, బాద్‌షా కాక అతని దగ్గర మిగిలినవి ఆ రెండే. ఓడినవాళ్ల దగ్గర వజీరు, ఏనుగు, ఒంటె, గుర్రం ఉన్నాయి. అయితే బాద్‌షా పక్కనున్న ఆ ఒంటె, మూలనున్న ఆ ఏనుగు బాజీ మొదలైనప్పటి నుంచి గడి కదల్లేదు.

పొడుగాటి బాజీలో ఇరవయ్యో ఎత్తున జరిగిన గల్తీకి అరవయ్యో ఎత్తున శిక్ష పడుతుంది. ఆ రెంటినీ ముడిపెట్టడం పదేళ్ల పిల్లాడి వల్ల కాదు. ఇక్కడ గల్తీ, శిక్ష పక్కపక్కనే ఉంటాయి. 17 ఎత్తులు సబక్‌లా జుబానీ యాద్ చేసుకోవచ్చు.

మన ఇళ్లలో పిల్లలు త్వరగా ఓడిపోయి వస్తే "ఇంతలోనే ఓడావా?" అని సిగ్గుపెడతాం. కొందరు ఆ రోజుతోనే ఆట మానేస్తారు. త్వరగా ఓడిన బాజీలోనే గల్తీ దొరకడం సులువు. బోర్డు మళ్లీ పేర్చి, "బేటా, ఎన్నో ఎత్తులో చెడింది?" అని అడగండి. జవాబు వాళ్లనే వెతకనివ్వండి.