పాటలో లేని పేర్లు

రేనాడులో ఈ కథ తెలియని ఇల్లు లేదు. అది ఎక్కడ ముగుస్తుందో కూడా అందరికీ తెలుసు. 1847 ఫిబ్రవరి 22, సోమవారం. కోయిలకుంట్లలో, రెండు వేలమందికి పైగా జనం చూస్తుండగా, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. తలను కోట గోడకు వేలాడదీసి 1877 దాకా, ముప్ఫై ఏళ్ళు, అక్కడే ఉంచారు. ముగింపు తెలిసీ మళ్ళీ మళ్ళీ ఈ కథ చెప్పుకుంటాం. చెప్పుకున్న ప్రతిసారీ మనసు మూలుగుతుంది, ఈసారైనా ఎక్కడో ఒకచోట దారి మళ్ళితే బాగుండునని.

మళ్ళగల చోట్లు ఉన్నాయి. ఉండీ మళ్ళకపోవడమే ఈ కథలోని దుఃఖం.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. పాలెగాళ్ళ కోటలు పోయాయి, భరణాలు మిగిలాయి. నొస్సం పాలెగాడి మనవడైన నరసింహారెడ్డికి నెలకు ముట్టింది 11 రూపాయల 10 అణాల పైచిలుకు. తాత భరణంలో వాటా కోసం చేసుకున్న విన్నపం చెల్లలేదు. అంతటితో ఆగినా ఆయన ఆ అవమానాన్ని కడుపులోనే దాచుకుని ముసలివాడయ్యేవాడేమో. కానీ 1846లో గుడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం గ్రామాల్లో చనిపోయినవాళ్ళ ఇనాం భూములు కంపెనీ లాగేసుకుంది. తరతరాలుగా ఊరికి కాపలా కాసి, ఆ సేవకు ప్రతిగా పొందిన చెక్కలవి. తండ్రిని మట్టిచేసి వచ్చిన కొడుక్కి ఆ మట్టి కూడా తనది కాదన్నారు. ఆ ఒక్క ఉత్తర్వు వెనక్కి తీసుకుని ఉంటే! ఏ దొరైనా ఒక పూట కూర్చుని వాళ్ళ గోడు విని ఉంటే! ఎవరూ వినలేదు. భూమి పోయినవాళ్ళు ఉయ్యాలవాడ వైపు నడిచారు.

జూలైలో మొదటి దళం కదిలింది. ముందు నడిచినవాడు వడ్డె ఓబన్న. కోయిలకుంట్ల ఖజానా కొల్లగొట్టారు. మిట్టపల్లి దగ్గర సర్కారు మనుషులు కొందరిని చంపారు. రుద్రవరం దోచారు. రుద్రవరం ఎక్కడో లేదు, ఆళ్ళగడ్డ పక్కనే, నల్లమల నీడన ఉంది. ఆ రోజు అక్కడ తలుపులు మూసుకున్నవాళ్ళు దొరలు కారు. మిట్టపల్లిలో పడిపోయినవాళ్ళ కోసం ఎవరు ఏడ్చారో ఏ పాటా చెప్పదు. పాట నాయకుడి గుర్రం వెంట పోతుంది. వెనక దుమ్ములో మిగిలినవాళ్ళ దగ్గర ఆగదు.

తిరుగుబాటు తప్పని నేను అనలేను. నేల లాక్కున్నవాడే మొదటి దోషి. ఆ మాట మీద నాకు రవ్వంత సందేహం లేదు. అయినా, న్యాయమైన కోపానికి కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. చెల్లించినవాళ్ళను తలుచుకోకుండా గెలుపు పాట పాడితే ఆ పాటకు నిండుతనం రాదు.

హైదరాబాదులో, కర్నూలులో తనలాగే భూములు పోగొట్టుకున్న భరణందారులు నరసింహారెడ్డికి అండగా ఉన్నారని కంపెనీ కలెక్టరు నమ్మాడు. వాళ్ళు నిజంగానే కలిసి వచ్చి ఉంటే? అయిదు వేలమంది దళాన్ని కంపెనీ సేన చుట్టుముట్టింది. సేన చిన్నదే. కానీ ఒక్క పోరులోనే సుమారు రెండు వందలమంది రేనాటి మనుషులు నేలకొరిగారు. నల్లరేగడిలో జొన్న విత్తవలసిన చేతులవి. రెండు వందల ఇళ్ళలో ఆ ఏడు సేద్యం ఎవరు చేశారు? కుందేటి ఒడ్డున ఏ తల్లి ఎన్నాళ్ళు దారి చూసింది? ఇక్కడ కలం ఆగిపోతుంది.

మిగిలినవాళ్ళు వలయాన్ని చీల్చుకుని గిద్దలూరు దగ్గర కొత్తకోట వైపు పోయారు. నాయకుడి కుటుంబం ఉన్నది అక్కడే. ఆ తర్వాత నల్లమల. ఆచూకీ చెప్పినవారికి బహుమతి అన్నారు. మళ్ళీ చుట్టుముట్టారు. మరో 40, 50 మంది పోయారు, 90 మంది పట్టుబడ్డారు, వారిలో నరసింహారెడ్డి ఒకడు. ఓబన్న ఆ రోజు పట్టుబడ్డాడో, ప్రాణం విడిచాడో చెప్పే ఆధారం కూడా మిగల్లేదు. కుడిభుజమైనవాడి చావుకే తేదీ లేకపోతే, వెనక నడిచినవాడి గతి ఏమిటి?

దాదాపు వెయ్యిమంది మీద వారంట్లు వచ్చాయి. 412 మందిని వదిలేశారు, 273 మందిని జామీను మీద పంపారు, 112 మందికి శిక్ష వేశారు. ఇవన్నీ కంపెనీవాడి లెక్కలు. వాటిలో అంకెలే ఉన్నాయి. ఆ 112 మంది భార్యల మెడలో పసుపుతాడు ఉంది, ఇంట్లో మనిషి లేడు. ఆ తల కోట మీదున్న ముప్ఫై ఏళ్ళూ కోయిలకుంట్ల సంతకు వచ్చిన ప్రతి బిడ్డా తలెత్తి చూశాడు. దొర కోరుకున్నదీ అదే, చూసి భయపడాలని. చివరికి 1877 వచ్చేసరికి ధాత కరువు కర్నూలు సీమను కాల్చేస్తోంది. ఆకలి ముందు వీరుడి కథ చెప్పుకునే ఓపిక కూడా ఎంతమందికి మిగిలిందో.

2019 అక్టోబరు 2న ఆ కథ ‘సైరా నరసింహారెడ్డి’గా తెరకెక్కింది. మన సీమవాళ్ళు చూసి ఈలలు వేశారు, కళ్ళు తుడుచుకున్నారు. అది మన హక్కు. ఒక్కడు వందమందిని కూలుస్తుంటే చప్పట్లు కొట్టాం. ఆ వందమందిలో ఒకడికి మిట్టపల్లిలో ఇల్లు ఉండవచ్చని, చూరు కింద ఎదురుచూసే పిల్ల ఉండవచ్చని తెర చెప్పదు. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఆయన పేరు పెట్టారు. పెట్టవలసిందే. ఆ పేరు వెంట నడిచి రాలిపోయినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

నంద్యాల జిల్లా పెద్దలకు నాదొక విన్నపం. నొస్సంలో, గుడ్లదుర్తిలో, రుద్రవరంలో, కోయిలకుంట్లలో ఏ ముసలమ్మ నోటైనా ఆ నాటి పేరు ఒక్కటి మిగిలి ఉంటే రాసి పెట్టండి. తిరగబడ్డవాడిదైనా సరే, కాపలా కాస్తూ చచ్చినవాడిదైనా సరే. ఆళ్ళగడ్డలో రాయి చెక్కే చేతులకు కొదవ లేదు. దొరికిన పేర్లన్నీ ఒకే రాతి మీద చెక్కించి కోయిలకుంట్లలో నిలబెట్టండి.