ప్రేగు శోథ వ్యాధిలో కణ మరణం

ప్రేగు శోథ వ్యాధి అనేది జీర్ణనాళంలో దీర్ఘకాలం కొనసాగుతూ, తగ్గినట్లే తగ్గి మరల తిరగబెట్టే వ్యాధుల సముదాయం. వైద్యులు దీనిని ఐ.బి.డి. అని వ్యవహరిస్తారు. ఇందులో ముఖ్యమైనవి రెండు: క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్. ఈ వ్యాధులలో కణ మరణం రెండు చోట్ల, పరస్పర విరుద్ధంగా గతి తప్పుతుంది. ప్రేగు లోపలి పొరలో జీవించి ఉండవలసిన కణాలు అకాలంగా మరణిస్తాయి. పని ముగించుకొని మరణించవలసిన రక్షక కణాలు మరణించక నిలిచిపోతాయి. ఈ వ్యాధికి వాడే కొన్ని ముఖ్యమైన మందులు పనిచేసే తీరును ఈ రెండు లోపాల దృష్టితో చూచినపుడు చక్కగా గ్రహించవచ్చును.

వ్యాధి స్వరూపం

శోథ అనగా గాయానికి గాని, సూక్ష్మజీవులకు గాని శరీరం చూపే ప్రతిస్పందన. ఎరుపు, వేడి, వాపు, నొప్పి దీని లక్షణాలు. సాధారణంగా కారణం తొలగగానే శోథ అణగిపోతుంది. ప్రేగు శోథ వ్యాధిలో అది అణగదు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దప్రేగుకు పరిమితమై, లోపలి పొరలో పుండ్లను కలిగిస్తుంది. దీనిని 1859లో శామ్యూల్ విల్క్స్ వర్ణించాడు. క్రోన్స్ వ్యాధి నోటి నుండి మలద్వారం వరకు ఏ భాగంలోనైనా రావచ్చును. ప్రేగు గోడ మందమంతటికీ వ్యాపించగలదు. దీనిని 1932లో బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఓపెన్‌హైమర్ అనే అమెరికన్ వైద్యులు వివరించారు. విరేచనాలు, మలంలో రక్తం, కడుపునొప్పి, బరువు తగ్గుట, రక్తహీనత ఈ వ్యాధుల సాధారణ లక్షణాలు. ఐ.బి.ఎస్. అనబడే ప్రేగు వ్యాధి వేరు; దానిలో శోథ గాని, పుండ్లు గాని ఉండవు.

ఆరోగ్యవంతమైన ప్రేగులో కణ మరణం

ప్రేగు లోపలి గోడను ఒకే వరుస ఉపకళా కణాలు కప్పి ఉంటాయి. ఒక ప్రక్క కోట్లాది బాక్టీరియాలు, మరొక ప్రక్క రక్తనాళాలు, రక్షక కణాలు ఉండగా, వాటి మధ్య ప్రహరీగోడ ఈ పొరయే. చిన్నప్రేగులో గుహికలనే చిన్న గుంటల అడుగున మూలకణాలు విభజన చెందుతూ కొత్త కణాలను పుట్టిస్తాయి. అవి క్రమంగా పైకి జరిగి, ఆంత్రచూషకాల కొన చేరి, అక్కడ నుండి ప్రేగు కుహరంలోకి రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు 3 నుండి 5 రోజులు పడుతుంది. ఒక కణం రాలేటపుడు ఇరుగుపొరుగు కణాలు దగ్గరకు జరిగి సందును మూసివేస్తాయి. అందువలన ప్రతిదినం అసంఖ్యాకంగా కణాలు రాలుతున్నా గోడ చెక్కుచెదరదు. కనుక కణ మరణం స్వతహాగా రోగం కాదు. ఆరోగ్యానికి అది అవసరం.

కణ మరణ రీతులు

కణం ఎలా మరణించినదన్నది చాలా ముఖ్యం. ప్రేగు శోథ వ్యాధిలో ప్రధానంగా చర్చకు వచ్చే రీతులు మూడు.

అపోప్టోసిస్: ఇది క్రమబద్ధమైన, నిశ్శబ్దమైన మరణం. కణం ముడుచుకొని, త్వచం చిరగకుండా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. భక్షక కణాలు వాటిని మింగివేస్తాయి. లోపలి పదార్థాలు బయటపడవు గనుక శోథ కలుగదు. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టర్ కర్రీ ఈ పేరు పెట్టారు. గ్రీకు భాషలో దీనికి ఆకులు రాలుట అని అర్థం. కాస్పేజులనే ఎంజైములు ఈ పనిని నిర్వహిస్తాయి.

నెక్రోప్టోసిస్: కాస్పేజ్-8 అనే ఎంజైము పనిచేయనపుడు రిప్‌కే1, రిప్‌కే3 అనే ప్రోటీన్లు ఎం.ఎల్.కె.ఎల్. అనే మరొక ప్రోటీనును ప్రేరేపిస్తాయి. అది కణత్వచానికి తూట్లు పొడుస్తుంది. కణం ఉబ్బి పగులుతుంది. లోపలి పదార్థాలు చుట్టుప్రక్కలకు చిమ్మి, రక్షక కణాలను రెచ్చగొడతాయి.

పైరోప్టోసిస్: సూక్ష్మజీవి ప్రవేశాన్ని గుర్తించిన కణం తనను తాను పగులగొట్టుకొనే రీతి ఇది. గాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీను త్వచంలో రంధ్రాలు చేస్తుంది. ఈ రంధ్రాల ద్వారా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి శోథకారక పదార్థాలు వెలువడతాయి.

ఉపకళా కణాల అకాల మరణం

ప్రేగు శోథ వ్యాధిలో టి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీను అధికంగా తయారవుతుంది. దీని ప్రభావం వలన ఉపకళా కణాలు సందులు పూడే వేగాన్ని మించి మరణిస్తాయి. ఆ సందుల గుండా బాక్టీరియాలు లోపలి పొరలకు చేరతాయి. వాటిని ఎదుర్కొనుటకు వచ్చిన రక్షక కణాలు మరింత టి.ఎన్.ఎఫ్.ను విడుదల చేస్తాయి. దానితో మరిన్ని ఉపకళా కణాలు మరణిస్తాయి. ఈ విధంగా విషవలయం ఏర్పడుతుంది.

2011లో జర్మనీకి చెందిన రెండు పరిశోధక బృందాలు నేచర్ పత్రికలో ముఖ్యమైన ఫలితాలను ప్రకటించాయి. ఎలుకల ప్రేగు ఉపకళా కణాలలో మాత్రమే కాస్పేజ్-8ను ఒక బృందం, దానితో కలిసి పనిచేసే ఫాడ్ అనే ప్రోటీనును మరొక బృందం తొలగించాయి. రెండు సందర్భాలలోనూ ఉపకళా కణాలు రిప్‌కే3 మార్గంలో మరణించి, ప్రేగులో శోథ దానంతట అదే పుట్టింది. కాస్పేజ్-8 లేని ఎలుకలలో బాక్టీరియాలను చంపే పదార్థాలను స్రవించే పేనెత్ కణాలు నశించాయి. అనగా కణ మరణం శోథకు ఫలితమే కాక, మూలకారణం కూడా కాగలదని ఈ ప్రయోగాలు చూపాయి.

మరణించని లింఫోసైట్లు

ప్రేగు గోడలో పనిచేసే టి-లింఫోసైట్లు పని పూర్తి కాగానే అపోప్టోసిస్ ద్వారా తొలగిపోవాలి. క్రోన్స్ వ్యాధిలో ఇవి అపోప్టోసిస్‌ను తట్టుకొని జీవిస్తున్నాయని 1990ల చివరి పరిశోధనలు చూపాయి. మరణాన్ని అడ్డుకొనే బి.సి.ఎల్-2 వర్గపు ప్రోటీన్లు, మరణాన్ని ప్రేరేపించే బాక్స్ ప్రోటీను, వీటి మధ్య సమతుల్యం చెడుట ఇందుకు ఒక కారణం. ఇంటర్‌ల్యూకిన్-6 కూడా ఈ కణాల ఆయుర్దాయాన్ని పెంచుతుంది. ఇట్లు నిలిచిపోయిన కణాలే శోథను కొనసాగిస్తాయి.

జన్యువుల పాత్ర

క్రోన్స్ వ్యాధితో సంబంధం గల తొలి జన్యువు నాడ్-2ను 2001లో గుర్తించారు. బాక్టీరియాలను పసిగట్టుట దీని పని. 2007లో గుర్తించిన ఎ.టి.జి.16.ఎల్.1 అనే జన్యువు కణం తన చెత్తను తానే జీర్ణం చేసుకొనే స్వభక్షణ ప్రక్రియకు అవసరం. ఇది లోపించినపుడు పేనెత్ కణాలు దెబ్బతింటాయి. కొందరు శిశువులలో అతి చిన్న వయసులోనే తీవ్రమైన ప్రేగు శోథ కనిపిస్తుంది. వారిలో కొందరికి ఎక్స్.ఐ.ఎ.పి., రిప్‌కే1, కాస్పేజ్-8 వంటి కణ మరణాన్ని నియంత్రించే జన్యువులలో లోపాలు కనుగొనబడ్డాయి. సాధారణ మందులకు లొంగని పసిపిల్లల వ్యాధిలో జన్యు పరీక్ష చేయుటకు కారణమిదే.

చికిత్సతో సంబంధం

టి.ఎన్.ఎఫ్.ను బంధించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో క్రోన్స్ వ్యాధికి అనుమతి లభించింది. ఎటానర్‌సెప్ట్ అనే మరొక మందు కూడా టి.ఎన్.ఎఫ్.ను బంధిస్తుంది, కీళ్ళవాతంలో బాగా పనిచేస్తుంది. కాని క్రోన్స్ వ్యాధిలో అది మేలు చేయలేదని 2001లో ప్రచురితమైన పరీక్ష తెలిపింది. ఈ తేడాకు చెప్పబడే వివరణలలో ముఖ్యమైనది ఇది: ఇన్‌ఫ్లిక్సిమాబ్ కణాల ఉపరితలం మీది టి.ఎన్.ఎఫ్.ను గట్టిగా పట్టుకొని, ప్రేగులో నిలిచిపోయిన లింఫోసైట్లను అపోప్టోసిస్‌కు గురిచేస్తుంది.

అజాథయోప్రిన్ కూడా టి-లింఫోసైట్ల అపోప్టోసిస్‌ను ప్రేరేపిస్తుందని 2003లో తెలిసింది. క్రోన్స్ వ్యాధిలో వాడే మెథోట్రెక్సేట్‌కూ ఉత్తేజిత లింఫోసైట్లపై ఇటువంటి ప్రభావమే కలదు. ఈ మందు భీమవరంలో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో జరిగిన కృషి ఫలితం. ఇక ఉపకళా కణాల మరణాన్ని ఆపుటకు రిప్‌కే1ను నిరోధించే ఒక మందును అల్సరేటివ్ కొలైటిస్ రోగులలో పరీక్షించగా, 2021లో ప్రచురితమైన ఫలితాలలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. మరణ మార్గాలు ఒకటి మూసుకొనిన మరొకటి తెరుచుకొనుట ఇట్టి చికిత్సలకు ఎదురయ్యే చిక్కు.

క్రోన్స్ వ్యాధి, ప్రేగు క్షయ

భారతదేశంలో క్రోన్స్ వ్యాధిని ప్రేగు క్షయ నుండి వేరు చేయుట కష్టమైన పని. రెండూ తరచుగా చిన్నప్రేగు చివరి భాగంలో, పెద్దప్రేగు మొదటి భాగంలో వస్తాయి. రెండింటిలోనూ గ్రాన్యులోమాలనే కణాల ముద్దలు ఏర్పడతాయి. క్షయ గ్రాన్యులోమాల మధ్యభాగంలోని కణాలు మరణించి జున్నువలె మారవచ్చును. క్రోన్స్ వ్యాధిలో అట్లు జరుగదు. అయితే క్షయ రోగులందరి ముక్క పరీక్షలోనూ ఈ గుర్తు దొరకదు. నిర్ణయం తేలని సందర్భాలలో వైద్యులు ముందుగా క్షయ మందులిచ్చి, కొలనోస్కోపీలో పుండ్లు మానినవో లేదో చూస్తారు.

ఈ నిర్ణయంలో పొరపాటు ప్రాణాంతకం కావచ్చును. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను గ్రాన్యులోమాలలో బంధించి ఉంచుటకు టి.ఎన్.ఎఫ్. అవసరం. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకొనే మందులిస్తే ఆ బంధనం సడలి క్షయ విజృంభించగలదు. అందుచేత ఈ మందులను మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ చర్మ పరీక్ష లేక రక్తపరీక్ష తప్పనిసరిగా చేయిస్తారు.